పదకొండో అంకె

తొంభై ఆరు దసరా పొద్దున జగన్మోహన్ గారు కరీంనగర్ నుంచి దుకాణానికి ఫోన్ చేశారు. నారాయణగూడలో ఆయనది పాటల దుకాణం. క్యాసెట్లు, సీడీలు, పాత ఎల్పీ రికార్డులు అమ్ముతారు. అక్కడ నేను నాలుగేళ్ళుగా పనిచేస్తున్నాను. షట్టరు తీయడం, దుమ్ము తుడవడం, వచ్చిన సరుకు నంబర్లు రిజిస్టరులో ఎక్కించడం నా పని.

“అక్కా, మా అత్తగారింట్ల ఆపేసిన్రు. రేపు సాయంత్రం గాని రాను. దుకాణంల పూజ మాత్రం ఆగొద్దు,” అన్నారు. గొంతు తగ్గించి, “బొట్లు బీరమ్మతోని పెట్టియ్యి. ఏమనుకోకు,” అన్నారు.

ఏమనుకుంటాను? మా ఆయన పోయి తొమ్మిదేళ్ళు. ఆయుధ పూజ నాడు కుంకుమ భరిణె నా చేతికి రాదని నాకు తెలుసు, చుట్టుపక్కల మల్గీల్లో దుకాణాలు నడిపే వాళ్ళకూ తెలుసు. ఎదురుగా పూలమ్మే బీరమ్మను పిలిచి, పసుపు కుంకుమలు, కొబ్బరికాయ ఆమెకిచ్చి, నేను మెట్ల కింద నిలబడ్డాను.

“వేటివేటికి పెట్టాలె అక్కా?” అని లోపలి నుంచి అడిగింది బీరమ్మ.

“గల్లాపెట్టెకు పెట్టు. ఫోనుకు, టేప్‌రికార్డరుకు పెట్టు. సరుక్కు కూడ పెట్టు.”

“సరుకంతటికా? పొద్దుగూకుతది!”

“టేబుల్ మీదున్నదానికి పెట్టు, చాలు.”

ఆ మాట అన్నది నేనే. తర్వాత ఎన్నిసార్లు తిప్పి తిప్పి చూసుకున్నా, అన్నది నేనే.

టేబుల్ మీద ఉన్నవి శ్రీరామమూర్తి గారి రికార్డులు. నలభై.

శ్రీరామమూర్తి గారు చిక్కడపల్లిలో కూరగాయల మార్కెట్ వెనక ఉంటారు. గణాంక శాఖలో పనిచేసి రిటైరయ్యారు. అమెరికా పల్లెటూళ్ళ పాటలంటే ఆయనకు ప్రాణం. కంట్రీ పాటలంటారు. గిటారు, ఫిడేలు, గుర్రాలు, రైళ్ళు, విడిచిపోయిన మనుషులు. పాతకాలపు గాయకుల పాటలు ఏరి ఒక్కో రికార్డుగా కూర్చి అమ్ముతారట అక్కడ. గుర్రపు నాడా గుర్తున్న ఒక కంపెనీ అలా నలభై భాగాలు తెచ్చింది. ఆయన పదేళ్ళు పట్టి నలభైనీ సంపాదించారు. రెండేళ్ళ కిందట ఆయనకు చెవులు పోవడం మొదలైంది. ఇప్పుడు పూర్తిగా పోయాయి. ఒక గుడ్డ సంచిలో చిన్న పలక వేసుకుని తిరుగుతారు, మనం చెప్పదలచుకున్నది దాని మీద రాయాలి. వినలేని వాడింట్లో పాటలెందుకని, నలభైనీ విడదీయకుండా ఒక్కరికే ఇచ్చేయాలని మా దుకాణానికి తెచ్చారు.

తీసుకునే వాళ్ళు దొరికారు. బెంగళూరులో ఒక పెద్దాయన ఇలాంటివి సేకరిస్తాడట. ఆయన తరఫున వందన అనే అమ్మాయి బుధవారం వస్తుంది. ఆమె ఫోన్‌లో అడిగింది ఒక్కటే. “నంబర్ల లిస్ట్ రెడీగా ఉంచండి. ముఖ్యంగా మూడో వాల్యూమ్‌ది.”

మూడో భాగం సంగతి శ్రీరామమూర్తి గారు నాకు ముందే చెప్పారు. అది రెండుసార్లు అచ్చయింది. పాటలు అవే. రికార్డు కూడా పాత అచ్చు దిమ్మెతో తీసిందే, దాని నడిమి చీటీ కూడా పాతదే. అట్ట మీద బొమ్మ, అదే టోపీ మనిషి, అదే కంచె. మొదట అచ్చువేసినవి చాలా కొద్ది. మళ్ళీ వేసినప్పుడు కంపెనీ నంబరు మార్చింది, అంతే తేడా. మొదటిది 61073, రెండోది 61078. సేకరించే వాళ్ళకు మొదటిది కావాలి. అది ఉంటేనే నలభై కలిపి ఒక సెట్టు, లేకపోతే విడి రికార్డులు.

“మరి మీది ఏదండీ?” అని పలక మీద రాశాను.

“మొదటిదే! బేగంపేటలో ఓ తెల్లదొర ఊరు వదిలి వెళ్తూ ఇచ్చాడు. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదండీ, అందుకే నంబరు తిప్పి చూడనేలేదు,” అన్నారు.

అట్ట నడుము మీద, అంటే పక్కనుండే సన్నటి అంచు మీద కూడా నంబరు ఉంటుంది. కానీ ఆయన రికార్డు అట్ట ఎప్పుడో చిరిగితే, నడుము పొడుగునా గుడ్డ పట్టీ అంటించేశారు. ఇక నంబరున్నది అట్ట వెనక మాత్రమే. కింది మూల తెల్లటి చిన్న డబ్బా, అందులో నల్లటి నిలువు గీతలు, గీతల కింద పన్నెండు అంకెలు, వాటిలో ఏడు నుంచి పదకొండు దాకా ఆ నంబరే. బార్‌కోడ్.

పండగకు ముందు జగన్మోహన్ గారు నాతో ఒక మాట అన్నారు. “కొత్త సంవత్సరానికి కంప్యూటర్ తెస్తున్న అక్కా. కంప్యూటర్ నేర్చిన పిల్ల ఒకామె వస్త అంటున్నది. నిన్ను కూడ ఉంచుకోవాలనే ఉన్నది నాకు. ఈ నలభై రికార్డుల పని సాఫ్‌గ చెయ్యి, చూద్దాం.”

నేను నలభై దాటాక వయోజన తరగతిలో కూచుని అక్షరాలు దిద్దినదాన్ని. అంతకుముందు అశోక్‌నగర్‌లో మూడిళ్ళల్లో వంట. మళ్ళీ ఆ మూడిళ్ళల్లోకి పోవడం నాకు ఇష్టం లేదు. అందుకే పని సాఫ్‌గా చేయాలని, అట్టలన్నీ తుడిచి, వెనకవైపు పైకి వచ్చేలా, నంబర్లు కనిపించేలా టేబుల్ మీద వరసగా పరిచి పెట్టాను. పండగ అయ్యాక రాద్దామని.

మంగళవారం పొద్దున షట్టరు ఎత్తగానే పసుపు వాసన గుప్పున కొట్టింది. లైటు వేశాను.

నలభై అట్టల మీద నలభై బొట్లు. తడి పసుపు రాసి, దాని మీద కుంకుమ అద్ది. ఒక్కటి కూడా గురి తప్పలేదు. ప్రతి అట్టకూ సరిగ్గా ఆ తెల్ల డబ్బాలోనే.

నేను స్టూలు మీద కూలబడ్డాను. తర్వాత లేచి వెళ్ళి బీరమ్మను లాక్కొచ్చాను.

“ఇవేం చేసినవే? ఇక్కడెందుకు పెట్టినవ్?”

“మరి యాడ పెట్టాలె?” బీరమ్మకు అర్థం కాలేదు. “అట్టంత రంగులే ఉన్నయి. గీడ మాత్రం తెల్లగ జాగ ఇడ్చిన్రు. గడప మీద గీసినట్టు నిలువు గీతలు గీసిన్రు. బొట్టుకే అనుకున్న. నువ్వే కదనే ఇటు తిప్పి పరిచినవ్!”

“అది బొట్టు జాగ కాదే. నంబరు.”

“నంబరుకు గీతలెందుకు? మా ఇంటి నంబరుకు గీతలున్నయా?” అంది. నా ముఖం చూసి తగ్గింది. “తడిగుడ్డ పెడ్తె పోతది లేక్క.”

తడిగుడ్డ పెట్టాను. పసుపు పోలేదు, అట్ట మీది అచ్చు లేచి వచ్చింది. ఇరవై రెండో భాగం మీద రెండు అంకెలు గుడ్డకు అంటుకుని వచ్చేశాయి. తడి మానేశాను. పొడి దూది, రబ్బరు, ముఖానికి రాసుకునే పౌడరు. పొడిగా పైపైన దులిపితే కుంకుమ రాలింది. పసుపు మచ్చ అలాగే ఉంది, కానీ మచ్చ కింద అంకెలు లీలగా కనిపించాయి. కనిపించని చోట అట్ట నడుము మీద నంబరుతో సరిచూసుకున్నాను. మధ్యాహ్నానికి ముప్ఫై తొమ్మిది రాశాను.

మూడో భాగం చివరకు ఉంచాను. దాన్ని వెలుతురులోకి తెచ్చి, మెట్ల మీద కూర్చుని చూశాను.

0 48213 610 దాకా తేటగా ఉంది. తర్వాత 7. ఆ తర్వాతిది పదకొండో అంకె. దాని మీద బొట్టు నడిబొడ్డు పడింది. మూడు కావచ్చు, ఎనిమిది కావచ్చు. మూడు ఎడమపక్క మూసుకుంటే ఎనిమిది, ఎనిమిది ఎడమపక్క తెరుచుకుంటే మూడు. సరిగ్గా ఆ ఎడమపక్కే ఎర్రటి మరక. పన్నెండో అంకె మీద మాత్రం పసుపు అంచు కూడా పడలేదు. 4. శుభ్రంగా ఉంది.

ఆ పన్నెండో అంకె ఎందుకుంటుందో శ్రీరామమూర్తి గారే నాకు నేర్పారు. రికార్డులు తెచ్చిన రోజు, నేను వేరే సీడీల అంకెలు రాసుకుంటుంటే చూసి, “ఆఖరిది కాపలావాడండీ. మిగతా పదకొండింట్లో ఎవరు తప్పుగా వచ్చినా పట్టేస్తాడు,” అన్నారు. మొదటిది, మూడోది, అయిదోది, అలా ఒకటి విడిచి ఒకటి కూడాలి. దాన్ని మూడుతో హెచ్చించాలి. మిగిలినవాటిని ఊరికే కలపాలి. ఆఖరి అంకెను కూడా కలిపితే మొత్తం సున్నాతో ముగియాలి. ముగియకపోతే ఎక్కడో ఒక అంకె తప్పు.

నేను గల్లాపెట్టె మీది పాత చీటీ ఒకటి తిప్పి వెనక లెక్క వేశాను. పదకొండో అంకె మూడు అనుకున్నాను. మొత్తం డెబ్బై అయిదు వచ్చింది. ఎక్కడైనా తప్పానేమోనని మళ్ళీ కూడాను. డెబ్బై అయిదే. ఎనిమిది అనుకుని కూడాను. తొంభై.

తొంభై.

ఎదురుగా రోడ్డు మీద బర్కత్‌పుర వైపు ఆటోలు పోతున్నాయి. పండగ మర్నాడు కాబట్టి అన్నిటికీ బంతిపూల దండలు. అంటే ఆ దొర ఇచ్చింది రెండో అచ్చు. అంటే వందన నలభై తీసుకోదు. అంటే జగన్మోహన్ గారి బేరం పోతుంది. పని సాఫ్‌గా కాలేదు. పైగా నలభై అట్టల మీద మచ్చలు.

ముందు శ్రీరామమూర్తి గారికి చెప్పాలనుకున్నాను. ఆయన సొమ్ము. దుకాణం పక్క టైలరుకు చూడమని చెప్పి చిక్కడపల్లికి నడిచాను. దారి పొడుగునా ఎలా మొదలుపెట్టాలా అని. మచ్చల సంగతి ముందా, అంకె సంగతి ముందా?

ఆయన వరండాలో కూర్చుని చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నారు. నన్ను చూడగానే లేచారు.

“రండి రండి, ప్రభావతి గారూ! రేపటికే ఈ చొక్కా. ఆ అమ్మాయి బెంగళూరు నుంచి వస్తోంది కదా, ముసలాడు మాసిన చొక్కాతో వచ్చాడనుకోకూడదు.”

పలక తీసుకున్నాను. “మూడో భాగం” అని రాశాను.

“దాని సంగతేనా?” రాయడం పూర్తికాకముందే ఆయన అందుకున్నారు. “మీరేం కంగారు పడకండి. నాలుగు భాషల్లో అడిగినా నేను చెప్పగలను దాని చరిత్ర. మీకో మాట చెప్పనా? నాకు ఇప్పుడు పాట వినపడదు. కానీ ఆ నలభై ఒకేచోట, ఒకే అరలో, ఎవరో ఒకరింట్లో ఉన్నాయంటే, రోజుకొకటి ఎవరో వేసుకుంటున్నారంటే, నాకు విన్నట్టే. ముక్కలు ముక్కలుగా పోతే మాత్రం…” చెయ్యి ఊపేశారు. “ఆ మాటెందుకు లెండి. ఏమంటున్నారు మీరు? మూడో భాగం?”

పలక మీద నా రెండు మాటలు ఉన్నాయి. మూడో మాట రాయాలి. చేత్తో రెండూ చెరిపేసి, “జాగ్రత్తగా పెట్టాను” అని రాశాను.

“తెలుసండీ, తెలుసు,” అన్నారాయన. ఇస్త్రీపెట్టె మళ్ళీ అందుకున్నారు.

అంత అబద్ధం నేను అంతకుముందు రాయలేదు. నోటితో ఎన్నో చెప్పి ఉంటాను. రాతతో అదే మొదటిది. తిరిగి నడుస్తుంటే వేలికి సుద్దపొడి అంటుకుని కనిపిస్తూనే ఉంది. చీర కొంగుకు ఎన్నిసార్లు తుడుచుకున్నానో.

అయిదింటికి జగన్మోహన్ గారు వచ్చారు. చెప్పులు విప్పుతూనే టేబుల్ చూశారు.

“ఇదేంది?”

“బొట్లు సార్. నేనే చెప్పిన, టేబుల్ మీదున్నవాటికి పెట్టమని. ఆమెకు తెల్వదు. నేను మెట్ల కింద ఉంటి, చూడలే.”

“దిమాక్ ఉందా అక్కా నీకు? నలభైకి నలభై! ఒక్కటన్న ఇడ్వలే?” తల పట్టుకున్నారు. “ఆ పూలమ్మేదానికి తెల్వదు సరే. నీకు తెల్వదా? గిది చెయ్యమన్న, గది చెయ్యమన్న, అయిపాయె! రేపు పదకొండింటికి ఆ మేడం వస్తది. పరేషాన్ చేస్తివి కదా!”

నేను లిస్టు ముందుకు జరిపాను. ముప్ఫై తొమ్మిది నంబర్లు, మూడో వరస ఖాళీ. ఆయన చదివి కొంచెం చల్లబడ్డారు.

“ఇది ఎందుకు రాయలే?”

“అది ఎనిమిది సార్. మొదటి అచ్చు కాదు.”

ఆయన మూడో భాగం తీసి కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నారు. ట్యూబ్‌లైటు కింద తిప్పారు. “ఎనిమిదని ఎవలన్నరు? మూడు కావచ్చు. కనపడ్తలేదు కద.”

లెక్క చెప్పాను. చీటీ చూపించాను. డెబ్బై అయిదు, తొంభై. ఆయన చాలాసేపు చీటీ వైపు చూశారు. తర్వాత షట్టరు దగ్గరికి వెళ్ళి అటూ ఇటూ చూసి వచ్చారు. కోపం ఎటుపోయిందో, గొంతు మెత్తబడింది.

“అక్కా, నీకు తెల్సు, నాకు తెల్సు. ఇంకెవలకు తెల్సు? ఆ ముసలాయనకు కూడ తెల్వదు. పాట మారిందా? లేదు. రికార్డు మారిందా? లేదు. ఒక్క అంకె. దాని మీద అమ్మవారి బొట్టు పడ్డది. మంచిదే అయింది.”

“లెక్క చేస్తే ఎవరికైనా తెలుస్తది సార్. ఆఖర్న నాలుగుంది కద.”

“నాలుగు కనపడ్తెనే కద లెక్క.” పూజ పళ్ళెంలోంచి కుంకుమ పొట్లం తీసి నా ముందు పెట్టారు. “దాని మీద కూడ జరంత పడనియ్. లిస్టుల మూడని రాయి.”

నేను పొట్లం వైపు చూశాను. “నేను పెట్టాల్నా?”

“ఇది పూజ కాదు కద అక్కా,” అన్నారు.

ఆ మాటకు నాకు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. “మీరే పెట్టండి సార్,” అన్నాను.

“నేనెందుకు? బొట్లు పెట్టించింది నువ్వు. లిస్టు నీ చేతిరాత. ఆమె అడిగితే నువ్వే జవాబు చెప్పాలె. ఇప్పుడే కాదులే, రేపు పొద్దున వరకు సోంచాయించు. కంప్యూటర్ పిల్ల సంగతి కూడ రేపే చెప్పాలె నేను.”

అంటే ఏమిటో విడమరచి చెప్పనక్కర్లేదు.

ఆ సాయంత్రం ఇంటికి పోయి వంట చేయలేదు. పొద్దున మిగిలిన అన్నం మజ్జిగలో కలుపుకుని తిన్నాను. ఒకవైపు నుంచి చూస్తే ఆయన చెప్పింది నిజమే అనిపించింది. ఎవరికి నష్టం? ముసలాయన నలభైనీ ఒకే అరలో ఊహించుకుంటూ సంతోషంగా ఉంటాడు. బెంగళూరు పెద్దాయన మొదటి అచ్చే అనుకుని సంతోషంగా ఉంటాడు. నేను టేబుల్ దగ్గర ఉంటాను. ఇంతమంది సంతోషానికి ఒక మూడు. రాయడానికి ఎంతసేపు? ఇలా అనుకుంటూనే, వేలితో చాప మీద ఎనిమిది రాస్తున్నాను. ఎనిమిది, ఎనిమిది, ఎనిమిది.

బుధవారం పదింటికే శ్రీరామమూర్తి గారు ఇస్త్రీ చొక్కాతో వచ్చి కూర్చున్నారు. అట్టలన్నీ ముఖం పైకి పెట్టి దొంతర పేర్చాం కాబట్టి ఆయనకు మచ్చలు కనిపించలేదు. జగన్మోహన్ గారు ఆయనకు ఇరానీ చాయ్ తెప్పించారు. నా టేబుల్ మీద లిస్టు ఉంది, పెన్ను ఉంది, పొట్లం విప్పి ఉంది. రెండుసార్లు ఆయన కళ్ళతోనే దాన్ని చూపించారు. నేను రెండుసార్లూ దుమ్ము తుడిచే గుడ్డ అందుకున్నాను.

పదకొండు కాకముందే వందన వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయి. భుజాన పెద్ద సంచి. విద్యానగర్‌లోనే పెరిగిందట, మాటలో తెలిసిపోయింది. మొదటి అట్ట తిప్పగానే ఆగింది.

“ఇదేంటి, పసుపా?”

“దసరా కద మేడమ్. మా పూలమ్మే ఆమె భక్తి జర ఎక్కువ చేసింది,” అన్నారు జగన్మోహన్ గారు నవ్వుతూ.

వందన కూడా నవ్వింది. “మా అమ్మ ఫ్రిజ్‌కి కూడా పెడ్తది. డోర్ మీద ఇప్పటికీ ఉంది మచ్చ.” తర్వాత నవ్వు ఆపింది. “కానీ సార్, మచ్చలుంటే మా సార్ ఒప్పుకుంటారో లేదో. నంబర్లయితే చదవొస్తున్నాయా? లిస్ట్ ఇస్తారా మేడమ్?”

నన్నే మేడమ్ అంది.

శ్రీరామమూర్తి గారు అప్పుడే అట్ట వెనక చూశారు. కప్పు పట్టుకున్న చెయ్యి గాలిలో ఆగిపోయింది. నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను. పెన్ను తీసుకున్నాను. మూడో వరసలో సున్నా రాశాను. నాలుగు, ఎనిమిది, రెండు, ఒకటి, మూడు. జగన్మోహన్ గారు నా వెనక వచ్చి నిలబడ్డారని తెలుస్తోంది. ఆరు, ఒకటి, సున్నా, ఏడు. చెయ్యి ఆగింది. పెన్ను ములుకు కాగితం మీద ఒక చుక్క పెట్టి అక్కడే ఉండిపోయింది.

ఎనిమిది రాశాను. నాలుగు రాశాను. ఇచ్చేశాను.

వందన వేలు పెట్టి పైనుంచి కిందికి వచ్చింది. మూడో వరస దగ్గర వేలు ఆగింది.

“ఎనిమిదా?”

“మూడు మేడమ్, మూడు,” అన్నారు జగన్మోహన్ గారు గబగబా. “కుంకుమతోని సరిగ కనపడలే. ఆమెకు చత్వారం.”

వందన అట్ట తిప్పి చూసింది. మరక దగ్గర కళ్ళు చిట్లించింది. తర్వాత నన్ను చూసింది. “అక్కా, మూడా, ఎనిమిదా?”

ఒకసారి రాస్తే సరిపోతుందనుకున్నాను. మళ్ళీ నోటితో కూడా చెప్పాల్సి వస్తుందనుకోలేదు. టేబుల్ అంచు పట్టుకున్నాను.

“ఎనిమిదమ్మా. లెక్క చూసిన. మూడైతే ఆఖర్న తొమ్మిది ఉండాలె. నాలుగుంది.”

శ్రీరామమూర్తి గారు ఒక ముఖం నుంచి ఒక ముఖానికి చూస్తున్నారు. “ఏమంటున్నారు? ఏమంటున్నారండీ?” వందన లిస్టు ఆయనకు ఇచ్చింది. ఆయన మూడో వరస చదివారు. పెదవులు కదిలాయి. కూడుతున్నారు. ఒకసారి అయ్యాక కళ్ళజోడు తీసి తుడుచుకుని అట్ట అడిగి తీసుకుని, దాన్ని చూసి, మళ్ళీ కూడారు.

“అదేంటి,” అన్నారు మెల్లగా.

వందన మంచి పిల్ల. బాధపడింది. కానీ ఆమెకు చెప్పిన పని వేరు. సెట్టుగా తీసుకోలేనంది. మచ్చ తక్కువగా ఉన్నవి, వాళ్ళ దగ్గర లేనివి పదకొండు ఏరుకుంది. శ్రీరామమూర్తి గారు సరేనన్నట్టు తల ఊపారు. ఒక్కో అట్ట సంచిలోకి పోతుంటే ఆయన చూడలేదు, కాలి బొటనవేలు వైపు చూస్తూ కూర్చున్నారు.

ఆమె ఆటో ఎక్కేదాకా జగన్మోహన్ గారు ఓపిక పట్టారు. ఆటో కదలగానే నా వైపు తిరిగారు.

“ఏం సాధించినవ్ అక్కా? చెప్పు, ఏం సాధించినవ్? నేను మూడు అంటున్న, ఆమె ముంగట నన్ను అబద్ధాలకోరును చేస్తివి! నాలుగేండ్లు ఉప్పు తిన్నవ్. రేపటి నుంచి రాకు. వద్దు నాకు. ఆ పిల్లకు ఇయాల్నే ఫోన్ చేస్త.”

మూడిళ్ళ వంటగదులు కళ్ళముందు తిరుగుతున్నాయి. ఏ ఇంటి వాళ్ళు ఇంకా పనిమనిషిని పెట్టుకోలేదో ఆలోచిస్తున్నాను.

“ఏమంటున్నాడు?” శ్రీరామమూర్తి గారు నన్నడిగారు. చెయ్యి ఊపుతూ అరుస్తున్న మనిషిని చూశారు కానీ మాట వినలేదు. సంచిలోంచి పలక తీసి నాకిచ్చారు. “రాయండి.”

తీసుకున్నాను. “రేపటి నుంచి పనికి రావద్దంటున్నారు,” అని రాశాను. ముందురోజు చెరిపేసిన పలక మీదే. కింద ఇంకో వరస కూడా రాశాను. “బొట్లు నా వల్లే పడ్డాయి. నిన్న మీకు చెప్పలేదు. తప్పు.”

ఆయన రెండు వరసలూ చదివారు. రెండో వరస దగ్గర ఎక్కువసేపు ఉన్నారు. ముఖం గట్టిపడింది. నన్ను తిడతారనుకున్నాను, తిట్టినా పడాలనుకున్నాను.

“నిన్నే చెప్పి ఉండాల్సిందండీ,” అన్నారు. “ఈ చొక్కా వేసుకుని వచ్చేవాణ్ణి కాదు.” తర్వాత జగన్మోహన్ గారి వైపు తిరిగారు. వినపడని వాళ్ళు మాట్లాడినట్టే పెద్దగా, వీధిలోకి వినిపించేలా అన్నారు. “జగన్మోహన్ గారూ, ఈవిడ రేపు రాకపోతే నా ఇరవై తొమ్మిది రికార్డులు ఇవాళే ఇంటికి పట్టుకుపోతాను. ఈవిడ రాసిన నంబరైతేనే నేను నమ్ముతాను. మీది నమ్మను.”

పక్క టైలరు మిషను తొక్కడం ఆపాడు. బీరమ్మ పూలబుట్ట దగ్గర నుంచి మెడ చాచింది. జగన్మోహన్ గారు వాళ్ళిద్దర్నీ చూశారు, ఇరవై తొమ్మిది రికార్డుల్ని చూశారు. బేరం సగమైనా మిగిలింది అందులోనే.

“నెలాఖరు దాక ఉండు,” అన్నారు నాతో, గోడ వైపు చూస్తూ. “తర్వాత సంగతి తర్వాత.” చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళిపోయారు.

నెలాఖరుకు ఎనిమిది రోజులు. ఆ తర్వాత ఏమవుతుందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. టేబుల్ దగ్గర కూర్చున్నాను. లిస్టులో పోయిన పదకొండు నంబర్ల మీద గీతలు కొట్టాలి.

శ్రీరామమూర్తి గారు ఇంటికి పోలేదు. స్టూలు దగ్గరికి జరుపుకుని, మూడో భాగం అట్ట నా ముందు పెట్టారు. “ఇంకొక్కసారి కూడండి,” అన్నారు. “నేను తొందరలో కూడాను. నా కళ్ళు కూడా సరిగా లేవు. మీరు నెమ్మదిగా కూడండి.”

చీటీ తీసుకుని మొదటి నుంచి మొదలుపెట్టాను. ఒకటి విడిచి ఒకటి కూడాను. మూడుతో హెచ్చించాను. మిగిలినవి కలిపాను. ఆయన నా పెన్ను వైపే చూస్తున్నారు. ఆఖరి నాలుగు కలిపాక, మొత్తం తొంభై అని రాసి, చీటీ ఆయన వైపు తిప్పాను.

ఆయన చూసి, చీటీని మళ్ళీ నా వైపు తిప్పారు.

“వెనక నుంచి కూడి చూడండి,” అన్నారు.